ర్యాలి మోహినీకేశవుడు, శిఖండి, ఉత్తరుడు: ఎదుగు వయసున రూపక్లేశము



ఆలమూరు నుండి జొన్నాడ చేరి, గౌతమీ నదిపై వంతెన దాటి, రావులపాలెము మీదుగా సాగినచో ఆత్రేయపురము మండలములోని ర్యాలి క్షేత్రము వచ్చును. గౌతమీ వసిష్ఠ పాయల నడుమ వెలసిన ఈ గ్రామమున శ్రీ జగన్మోహినీ కేశవస్వామి కొలువై యున్నాడు. మూలమూర్తి నల్లని ఏకశిల. ఎత్తు సుమారు 5 అడుగులు. ఎదుట నిలిచిన భక్తునకు చతుర్భుజుడైన కేశవుడు దర్శనమిచ్చును. వెనుకకు వెళ్లి చూచినచో కొప్పు ముడిచిన మోహినీరూపము గోచరించును. శిల ఒక్కటే, దైవమొక్కటే. చూచువాడు నిలిచిన చోటును బట్టి పురుషుడు, స్త్రీ అను భేదము కలుగుచున్నది.

క్షీరసాగరమథనానంతరము అమృతమును పంచుటకై శ్రీహరి మోహినియై అవతరించిన కథ భాగవత అష్టమస్కంధమున ప్రసిద్ధము. ఆ రూపమును చూడగోరిన పరమశివుడు మోహితుడై వెంట నడువగా, మోహిని కొప్పు నుండి ఒక పుష్పము రాలిన చోటు గనుక దీనికి ర్యాలి అను పేరు వచ్చెనని స్థలపురాణము. కేశవాలయమునకు ఎదురుగా ఉమాకమండలేశ్వరస్వామి ఆలయము కలదు. తిరుమల బ్రహ్మోత్సవములలోను ఐదవనాటి ఉదయము శ్రీవారి ఉత్సవమూర్తిని మోహినిగా అలంకరించి పల్లకిలో ఊరేగింతురు. ఆ అలంకారమును చూచి నవ్వు భక్తుడుండడు. వేలాది చేతులు జోడింపబడును.

ర్యాలిలో మోహినికి నమస్కరించి ఇల్లు చేరిన కుటుంబములోనే పదునాలుగేండ్ల బాలుడు ఒకడు ఉండవచ్చును. వాని నడక మృదువు, కంఠము సన్నము, ఆటలకంటె ముగ్గులయందు ప్రీతి అధికము. "ఆడంగి" అని బడిలో పిలుతురు. "మగవాడివి కావా?" అని ఇంట గద్దింతురు. అట్లే పదమూడేండ్ల బాలిక ఒకతె జడ వద్దనును, ఓణీ వద్దనును, అన్నతోపాటు ఏటిగట్టుకు పోవుదుననును. "ఆడపిల్లకు ఈ పోకడలేమి?" అని అమ్మమ్మ కోపగించును. దైవమునందు పూజింపబడు భేదాతీతత్వము బిడ్డయందు దోషమెట్లు అయ్యెను? ఈ ప్రశ్నకు చరిత్రలోను ఇతిహాసములోను సమాధానము వెదకుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ప్రాచీనులు ఐదేండ్ల వరకు కౌమారము, పదేండ్ల వరకు పౌగండము, పదునైదేండ్ల వరకు కైశోరము అని వయోవిభాగము చేసిరి. నేటి వ్యవహారమున కౌమారమనగా 10 నుండి 19 సంవత్సరముల వయస్సు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన పరిమితియు ఇదియే. శరీరము వేగముగ మారు కాలమిది. "నేను ఎవడను?" అను ప్రశ్న వేదాంతవిచారముగ గాక, అద్దము ఎదుట నిలిచిన బిడ్డ హృదయమున వ్యథగ పుట్టు కాలమును ఇదియే.

శ్వేతాశ్వతరోపనిషత్తు ఐదవ అధ్యాయము జీవాత్మను గూర్చి చెప్పుచు, అది స్త్రీయు కాదు, పురుషుడును కాదు, నపుంసకమును కాదనియు, ఏ శరీరమును స్వీకరించునో దానితో కూడియుండుననియు బోధించుచున్నది. ఇది పరమార్థము. అయినను ఈ వాక్యమును ఏడ్చుచున్న బిడ్డకు వినిపించి ఊరకుండుట ధర్మము కాదు. తైత్తిరీయోపనిషత్తు అన్నమయ, ప్రాణమయ, మనోమయ, విజ్ఞానమయ, ఆనందమయములను ఐదు కోశములను చెప్పినది. ఆకలిగొన్నవానికి అన్నమయకోశమున అన్నము పెట్టవలెను. "ఆత్మకు ఆకలి లేదు" అని చెప్పుట ఉపదేశము కానేరదు. అట్లే మనోమయకోశమున కలిగిన గాయమునకు మనస్సునందే చికిత్స జరుగవలెను. మహాభారతము ఈ సంగతిని రెండు కథలలో అత్యంత స్పష్టముగ చూపినది.

మొదటిది శిఖండి కథ. ఉద్యోగపర్వమున భీష్ముడే దీనిని దుర్యోధనునకు చెప్పును. పుత్రుని కోరి తపమొనర్చిన ద్రుపదునకు కూతురు పుట్టినది. మొదట స్త్రీయై పిదప పురుషుడగు సంతానము కలుగునని శివుడు వరమిచ్చియుండుటచే, రాణి కుమారుడు కలిగెనని చాటినది. రాజు పుత్రునకు చేయవలసిన సంస్కారములన్నియు చేయించెను. ద్రోణుని వద్ద ధనుర్విద్య నేర్పించెను. దశార్ణదేశాధిపతియైన హిరణ్యవర్మ కుమార్తెతో వివాహమును జరిపించెను. రహస్యము బయటపడెను. హిరణ్యవర్మ యుద్ధమునకు సిద్ధపడెను. ద్రుపదుడును రాణియు భయముతో తల్లడిల్లిరి. వారి దుఃఖమును చూచిన శిఖండిని, సర్వమునకు తానే కారణమని తలచి, ప్రాణత్యాగ సంకల్పముతో అడవికి వెళ్లెను.

ఇచ్చట నిలిచి ఆలోచింపవలెను. పేరు పెట్టినది తల్లి. వేషము వేయించినది తండ్రి. పెండ్లి నిశ్చయించినవారు పెద్దలు. తప్పు తనదని తలచినది మాత్రము బిడ్డ. నేటి మానసిక వైద్యులు ఎదుగు వయసు పిల్లలయందు తరచుగ చూచు ఆత్మనిందకు వ్యాసభగవానుడు చూపిన నిదర్శనమిది. ఆ అడవిలో స్థూణాకర్ణుడను యక్షుడు ఆమెను చూచి, ఈ నియమము దేనికి, నీకేమి కావలెనని అడిగెను. తల్లిదండ్రులు అడుగని ప్రశ్నను ఒక యక్షుడు అడిగెను. ఆమె తన గాథనంతయు చెప్పుకొనెను. యక్షుడు తన పురుషత్వమును ఆమెకిచ్చి, ఆమె స్త్రీత్వమును తాను గ్రహించెను. వరము అద్భుతమైనదే కాని, వరమునకు పూర్వము జరిగినది వినుట. ఆ బిడ్డ ప్రాణము నిలిచినది మొదట ఆ వినుట చేతనే.

రెండవది విరాటపర్వములోని ఉత్తరకుమారుని కథ. కవిత్రయములో తిక్కన సోమయాజి ఆంధ్రీకరణము మొదలైనది ఈ పర్వముతోనే కనుక తెలుగువారికి ఇది మిక్కిలి పరిచితము. కౌరవులు గోవులను పట్టుకొనిపోయినారని వార్త వచ్చినప్పుడు ఉత్తరుడు అంతఃపుర స్త్రీల నడుమ నున్నాడు. తగిన సారథి యున్నచో కౌరవసేనను ఒక్కడనే గెలుతునని పలికెను. రణభూమిలో ఆ సేనాసముద్రమును చూచినంతనే రథము దిగి పరుగెత్తెను. "ఉత్తరకుమార ప్రగల్భములు" అను నానుడి తెలుగున నిలిచిపోయినది.

నానుడి పరిహాసమును మాత్రమే నిలుపుకొన్నది. కథలోని కారుణ్యమును మరచినది. రాచకొడుకు వీరుడై యుండవలెనను భారమును పుట్టుకతో మోసిన బాలుడు, భయపడుచున్నానని చెప్పుటకు చోటు లేక ప్రగల్భములు పలికెను. మగబిడ్డ ఏడువరాదు, వెనుదీయరాదు అని నేర్పిన ఇంటిలో భయమునకు మిగిలిన భాష డంబమే. పరుగెత్తుచున్న ఆ బాలుని వెంట పరుగెత్తినది ఎవరు? జడ ఎగురుచుండగ, ఎఱ్ఱని వస్త్రములు గాలికి రెపరెపలాడగ, బృహన్నల. ఆ దృశ్యమును చూచి కౌరవసైనికులు నవ్విరి. ఊర్వశి శాపము వలన ఒక సంవత్సరము నపుంసకరూపమున నుండి, విరాటుని కొలువున రాకుమారి ఉత్తరకు నాట్యము నేర్పుచున్న అర్జునుడే ఆ బృహన్నల.

ఉత్తరుని పట్టుకొన్న బృహన్నల వానిని పిరికివాడని నిందించి విడువలేదు. యుద్ధము చేయజాలవేని పగ్గములు పట్టుము, యుద్ధము నేను చేయుదునని ధైర్యము చెప్పెను. శమీవృక్షము వద్ద తన దశనామములను చెప్పి, ఎవరికిని తెలుపని తన నిజస్వరూపమును ఆ బాలునకు తెలిపెను. భయపడిన బిడ్డకు చేయదగిన పనిని చూపి, నమ్మకమును పంచుటయే బృహన్నల చేసిన చికిత్స. ఫలితమును వ్యాసుడు మరువలేదు. విజయానంతరము తండ్రి పొగడుచుండగ ఉత్తరుడు గోవులను గెలిచినది తాను కాననియు, ఒక దేవపుత్రుడనియు చెప్పెను. ఉదయమున లేని పరాక్రమమును చాటుకొన్నవాడు, వచ్చిన కీర్తిని కాదని సత్యమును పలికెను. కురుక్షేత్రమున మొదటి దినముననే శల్యుని ఎదిరించి వీరమరణము పొందినవాడును ఈ ఉత్తరుడే. స్త్రీవేషమున నున్న గురువు వద్ద ఆ బాలుడు ధైర్యమును నేర్చెను.

ఈ రెండు కథలను కలిపి చదివినచో ఒక వివేకము కలుగును. శిఖండి క్లేశము వేరు, ఉత్తరుని క్లేశము వేరు. శిఖండిది రూపమునకును లోకము పెట్టిన పేరునకును నడుమ ఘర్షణ. ఉత్తరునిది తనకు నిర్ణయింపబడిన పాత్రను మోయలేని భయము. మృదువుగ నడచు ప్రతి బాలుడు శిఖండి కాడు. జడ వద్దను ప్రతి బాలిక కథయు ఒకటి కాదు. బిడ్డ ఏమగునో పెద్దలు తొందరపడి నిర్ణయింపరాదు. ఇద్దరి యందును సమానమైనది ఒక్కటే. పరిహాసము వారి గాయమును పెంచినది, ఆదరము దానిని మాన్పినది.

ఇతిహాసము నుండి ఆంధ్రదేశ చరిత్రకు వచ్చినచో కృష్ణాజిల్లా మొవ్వ మండలములోని కూచిపూడి అగ్రహారము కనబడును. భామాకలాప కర్తయైన సిద్ధేంద్రయోగి, అచ్చటి బ్రాహ్మణ కుటుంబములలో పుట్టిన ప్రతి మగబిడ్డయు జీవితమున ఒక్కమారైనను సత్యభామ వేషము కట్టవలెనని నియమించెనని సంప్రదాయము చెప్పుచున్నది. దీని భావము లోతైనది. వేదాధ్యయనము చేయు ఇంటిలోని బాలుడు జడ వేసికొని, గజ్జె కట్టి, స్త్రీ విరహమును, అభిమానమును, శరణాగతిని తన శరీరమున అనుభవింపవలెను. జీవాత్మ పరమాత్మకై పడు తపన ఆ వేషమున తెలియవలెను. ఆ ఊరిలో ఎదుగు వయసు బాలుని నడకలో లాలిత్యమును చూచినవారు దానిని విద్య అనిరి. వేదాంతము సత్యనారాయణశర్మ (1935–2012) సత్యభామగ, ఉషగ దేశమంతట కీర్తింపబడి 1970లో పద్మశ్రీని పొందిరి. నాటకరంగమున బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు స్త్రీపాత్రలతో తెలుగువారిని మెప్పించి 1956లో పద్మశ్రీని స్వీకరించిరి. వేషము తీసిన పిమ్మట వారు గృహస్థులై, సభలలో గౌరవింపబడిరి. లోకము ఆదరించినచో స్త్రీరూపము పురుషుని కించపరచదని వారి జీవితములు చాటినవి.

అయినను గతమంతయు స్వర్ణయుగమని తలచుట సత్యమునకు దూరము. రంగముపై చూపిన ఆదరము వీధిలో ప్రతివానికి లభింపలేదు. మనుస్మృతి నవమాధ్యాయమున క్లీబునకు దాయభాగము నిరాకరింపబడినది. అచ్చటనే అన్నవస్త్రములిచ్చి పోషించు విధి బంధువులపై మోపబడినది. పోషణ కలదు గాని సమానత్వము లేదు. మరియు కూచిపూడిలో పురుషుడు స్త్రీగ నటించుచుండగ, ఆ కుటుంబముల స్త్రీకి మాత్రము రంగప్రవేశము తరతరములుగ లేకుండెను. ఇరువదవ శతాబ్దముననే ఆ తలుపు తెరువబడినది.

బాలికల విషయమున చరిత్ర మరింత కఠినము. వారికి ఎదుగు వయస్సు అను దశయే లేకుండెను. బొమ్మలతో ఆడు వయస్సున భార్య అను పాత్ర, భర్త మరణించినచో ఆ వయస్సుననే విధవ అను పాత్ర వారిపై మోపబడినవి. శిరోముండనము చేయింపబడిన బాలిక తాను ఎవరైనదో అర్థము కాకమునుపే శుభకార్యములకు దూరమయ్యెను. ఆలమూరుకు సమీపముననే యున్న గోదావరీతీరమున ఈ అన్యాయమునకు ఎదురు నిలిచినవారు కందుకూరి వీరేశలింగము పంతులు. 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించిరి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. నాటి పండితులలో అనేకులు ధర్మము నశించునని భయపడిరి. ధర్మము నశింపలేదు. ఒక బాలికపై మోపిన పాత్రను తొలగించినందున సమాజము కూలదని గోదావరీతీరము నాడే చూచినది.

చట్టములును ఈ క్లేశమును కొంత పెంచినవి. నిజాము రాజ్యమున 1329 ఫసలీ సంవత్సరమున, అనగా 1919లో, నపుంసకుల చట్టము వచ్చినది. హైదరాబాదు నగరమున వారి పేర్లను పట్టికలో నమోదు చేయుటకును, స్త్రీవేషమున గాని ఆటపాటలతో గాని బహిరంగముగ కనబడినవారిని వారెంటు లేకయే నిర్బంధించుటకును అది అధికారమిచ్చినది. కూచిపూడిలో సత్యభామ వేషము కళయైన కాలముననే, హైదరాబాదు వీధిలో స్త్రీవేషము నేరమయ్యెను. ఈ చట్టము స్వాతంత్ర్యానంతరమును తొలగలేదు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దీనిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. అంతకుముందే 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడవ లింగముగ గుర్తించినది. 2019లో పార్లమెంటు చేసిన చట్టము విద్యాలయములలో వారిపట్ల వివక్షను నిషేధించినది.

వైద్యశాస్త్రమును తన అభిప్రాయమును సవరించుకొన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలుపరచిన వ్యాధుల వర్గీకరణములో, పుట్టుకతో నమోదైన లింగమునకును స్వానుభూతికిని గల వైరుధ్యమును మానసిక రుగ్మతల అధ్యాయము నుండి తొలగించినది. అనగా బిడ్డ ఉన్న తీరు రుగ్మత కాదు. ఆ తీరును చూచి లోకము చేయు అవమానము వలన కలుగు దిగులు, నిద్రలేమి, చదువుపై విరక్తి, ఏకాంతవాసము, ప్రాణముపై తీపి తగ్గుట చికిత్స కోరునవి. అట్టి బిడ్డను బలవంతముగ "మార్చు" చికిత్సను 2022లో జాతీయ వైద్య సంఘము వృత్తిదోషముగ ప్రకటించినది.

ఈ చివరి విషయము ఆలయములకును వర్తించును. బిడ్డ ప్రవర్తనకు జడిసిన తల్లిదండ్రులు జాతకము పట్టుకొని దేవాలయమునకు వత్తురు. ఏ గ్రహదోషమో, ఏ పూర్వపాపమో అని అడుగుదురు. శాంతి చేయించినచో మగతనము వచ్చునని ఆశింతురు. బిడ్డ ఆ ప్రక్కనే తలవంచుకొని నిలుచుండి, తాను దోషమని, తాను పాపమని వినుచుండును. దోషము లేనిచోట దోషశాంతి చేయించుట శాస్త్రసమ్మతము కాదు. వ్యాధి కానిదానికి హోమము చేయించి దక్షిణ గైకొనుట అర్చకధర్మమును కాదు. అర్చన చేయదలచినచో బిడ్డ మనశ్శాంతికై, ఆయురారోగ్యములకై, ఆ బిడ్డ పేరునను గోత్రమునను సంకల్పము చెప్పి చేయవచ్చును. ఆ సంకల్పమున దైవసన్నిధిలో తన పేరు వినబడిన బిడ్డకు తాను వెలివేయబడలేదను విశ్వాసము కలుగును.

తల్లిదండ్రుల కర్తవ్యము స్థూణాకర్ణుని కర్తవ్యమే. మొదట అడుగవలెను, పిదప వినవలెను, వినునప్పుడు తీర్పు చెప్పరాదు. ఇంటిలో "ఆడంగి", "మగరాయుడు" అను మాటలు వినబడరాదు. బడిలో పరిహాసము జరుగుచున్నచో ఉపాధ్యాయునితో మాటలాడవలెను. బిడ్డ మాటలలో చావు ప్రసక్తి వచ్చినను, తిండి నిద్ర మానినను, ఒంటరిగ విడువక వెంటనే మానసిక వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగ, తెలుగులోనే, ఏ వేళనైనను సలహా లభించును. వైద్యుని ఆశ్రయించుట భక్తికి లోపము కాదు. ధన్వంతరియు విష్ణ్వంశయే. ఏ పాలసముద్రము నుండి అమృతకలశముతో ధన్వంతరి వెడలెనో, ఆ అమృతమును పంచుటకే హరి మోహినియయ్యెను.

ర్యాలిలో స్వామిని ముందువైపు మాత్రమే చూచి మరలినవాడు సగము దర్శనముతో మరలినవాడు. వెనుకకు వెళ్లి చూచినవానికే పూర్ణదర్శనము. ఇంటనున్న బిడ్డ విషయమునను అంతే. లోకమునకు కనబడు ముఖమును చూచుట సులభము. బిడ్డ దాచుకొన్న రెండవ వైపును చూచుటకు పెద్దలు తామున్న చోటు నుండి నాలుగడుగులు నడువవలెను. ఆ ప్రదక్షిణము చేసిన ఇంటిలో శిఖండి అడవికి పోనక్కరలేదు, ఉత్తరుడు ప్రగల్భములు పలుకనక్కరలేదు.

స్వస్తి.